తుక్కు, షీల్డ్, తెర అంచు: ఒక మిశ్రమ జానర్ స్పేస్ షూటర్ కేస్ స్టడీ

ఈ కేసులోని గేమ్ పేరునూ, కథనూ, దాన్ని తయారుచేసిన బృందం వివరాలనూ ఇక్కడ ఇవ్వడం లేదు. బృందం అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న రెండు మూడు అంశాలను మార్చాను. లెక్కలను సులువుగా అర్థమయ్యే అంకెలకు కుదించాను కానీ వాటి మధ్య నిష్పత్తులను చెడనివ్వలేదు. ఈ గేమ్‌లోని అన్నిటికంటే మంచి ఆలోచనను అదే గేమ్‌లోని ఒక అప్‌గ్రేడ్ కప్పేసింది. ఆ సంగతిని బృందమూ నేనూ ఆలస్యంగా గుర్తించాం. ఆ ఆలస్యం ఎలా జరిగిందో వివరంగా రాసిపెట్టడం అవసరమనిపించింది.

నేపథ్యం

గేమ్ డిజైన్ సమీక్ష నా వృత్తి. నా దగ్గరకు వచ్చేసరికి ఈ గేమ్ తొలి అయిదు లెవెల్స్ ఆడదగిన స్థితిలో ఉన్నాయి. పునాది పక్కకు స్క్రోల్ అయ్యే స్పేస్ షూటర్: శత్రువులు కుడి అంచు నుంచి వస్తారు, బతికి ఉంటే కొన్ని సెకన్ల తర్వాత ఎడమ అంచు దాటి వెళ్ళిపోతారు. కూల్చిన శత్రువుల నుంచి తుక్కు రాలుతుంది. లెవెల్ ముగిశాక వర్క్‌షాప్ తెరుచుకుంటుంది. అక్కడ ఆ తుక్కుతో తుపాకులు, ఇంజన్లు, షీల్డులు కొని, గళ్ళ పలకపై ఒకదాని పక్కన ఒకటి అమర్చి నౌకను పెంచుకోవచ్చు. ఆ తర్వాత నక్షత్రపటంలో తర్వాతి దారిని ఎంచుకోవాలి. ఒక్క మాటలో చెప్పాలంటే షూటర్, ఆర్‌పీజీ (పాత్రను క్రమంగా బలపరుచుకుంటూ సాగే ఆట) తరహా ఎదుగుదల, నౌకా నిర్మాణం అనే మూడింటి కలయిక ఇది.

ఈ కలయికలో మొదటి చూపులోనే నన్ను ఆకట్టుకున్నది నౌకా నిర్మాణం. చాలా గేమ్స్‌లో అప్‌గ్రేడ్ అంటే ఏదో ఒక మెనూలో పెరిగే అంకె మాత్రమే. ఇక్కడ కొత్త భాగం అమర్చిన ప్రతిసారీ నౌక నిజంగానే పెద్దదవుతుంది, దానితోపాటు హిట్‌బాక్స్ (బుల్లెట్ తాకితే దెబ్బగా లెక్కించే ప్రాంతం) కూడా పెరుగుతుంది. ఎక్కువ తుపాకులు కావాలనుకుంటే తప్పించుకోవాల్సిన శరీరమూ పెరుగుతుంది. 1981లో నామ్కో విడుదల చేసిన గెలాగాలో ఈ సూత్రానికి పాత, చక్కటి ఉదాహరణ ఉంది: శత్రువు పట్టుకుపోయిన నౌకను విడిపించుకుంటే అది మన నౌక పక్కన చేరి కాల్పుల బలాన్ని రెట్టింపు చేస్తుంది, అయితే శత్రువుకు మనం అందే వెడల్పు కూడా రెట్టింపవుతుంది. ఆ ఒక్క నిర్ణయంలో ఉన్న ఉత్కంఠను ఈ బృందం గేమ్ అంతటికీ విస్తరించింది. ఇది చిన్న విషయం కాదు. రెండు జానర్లను, అంటే రెండు రకాల ఆటలను, పక్కపక్కన పెట్టడం సులువు. ఒక జానర్‌లో పొందిన లాభానికి మూల్యాన్ని మరొక జానర్‌లో చెల్లించేలా అల్లడం చాలా కష్టం, ఈ బృందం కాగితం మీద దాన్ని సాధించింది.

సమస్య

మొదటి మూడు లెవెల్స్‌ను ఇష్టంగా ఆడిన వాళ్ళు నాలుగో లెవెల్‌లో ఆపేస్తున్నారన్నది బృందం నా ముందుంచిన సమస్య. ఫిర్యాదులు మాత్రం ఒకదానికొకటి పూర్తి విరుద్ధంగా ఉన్నాయి. కొందరు శత్రువులు ఎంత కాల్చినా చావడం లేదన్నారు. మరికొందరు అదే లెవెల్ విసుగ్గా ఉంది, చేయడానికి ఏమీ లేదన్నారు. చేయి తిరిగిన వాళ్ళకు సులువుగానూ, కొత్తవాళ్ళకు కష్టంగానూ ఉందని బృందం అర్థం చేసుకుంది. వినడానికి సహజంగానే ఉండడంతో నేనూ ఆ వివరణను ప్రశ్నించలేదు.

నిజానికి అక్కడే ఒక ఆధారం ఎదురుగా ఉంది. ప్లేటెస్ట్ (ఆటగాళ్ళతో ఆడించి చూసే పరీక్ష) ప్రశ్నపత్రాల్లో ఆటగాళ్ళు తాము ఎక్కువగా ఆడే గేమ్స్ రకాన్ని రాశారు. కష్టంగా ఉందన్న వాళ్ళలో పాత షూటర్లలో ఆరితేరిన వాళ్ళున్నారు. విసుగ్గా ఉందన్న వాళ్ళలో ఎక్కువమంది ఆర్‌పీజీలు ఆడేవాళ్ళు. అంటే చేతివాటం ఎక్కువ ఉన్నవాళ్ళే ఓడిపోతున్నారు. ఈ తలకిందుల పరిస్థితిని చూసి ఆగి ఉంటే తర్వాతి వారాలు మిగిలేవి. చదివాను, కానీ ఆగలేదు.

ప్రయత్నించినవి, విఫలమైనవి

బృందం మొదట చేసినది అందరూ చేసేదే. నాలుగో లెవెల్‌లో తరచుగా కనిపించే మధ్యస్థాయి శత్రువు హెల్త్‌ను (కూలేలోపు తట్టుకోగల దెబ్బల మొత్తాన్ని) 60 నుంచి 36కు తగ్గించారు. కష్టమన్న వాళ్ళు కొంత ఊరట పొందారు, విసుగన్న వాళ్ళ విసుగు పెరిగింది, ఆపేసే చోటు నాలుగో లెవెల్ నుంచి అయిదో లెవెల్‌కు జరిగింది. ఎత్తయిన మెట్టును చెక్కి చదును చేస్తే దాని తర్వాతి మెట్టు అంతే ఎత్తుగా కనిపించడం సహజం.

రెండో ప్రయత్నం మరింత ఆలోచించి చేసినదే అయినా ఎక్కువ నష్టం చేసింది. హెల్త్‌ను తిరిగి 60కు తెచ్చి, ఆటగాడి తుపాకీ బలాన్ని బట్టి అది మారే ఏర్పాటు చేశారు. సెకనుకు 10 డ్యామేజ్ ఇచ్చే (అంటే శత్రువు హెల్త్‌లో 10 తగ్గించే) తుపాకీ ఉన్నవాళ్ళకు 60 హెల్త్ గల శత్రువు, సెకనుకు 24 ఇచ్చే తుపాకీ ఉన్నవాళ్ళకు 144 హెల్త్ గల శత్రువు వస్తారు. ఎవరికైనా ఆరు సెకన్లే పడుతుంది కనుక అందరికీ సమాన కష్టం ఉంటుందన్నది బృందం తర్కం. కానీ ఎదుగుదల ఉన్న గేమ్ ఆటగాడికి ఒక మాట ఇస్తుంది: నువ్వు కష్టపడి కూడబెట్టింది నిన్ను బలవంతుణ్ణి చేస్తుందని. కొత్త తుపాకీ కొన్నా శత్రువు చావడానికి అంతే సమయం పడుతుంటే ఆ మాట తప్పినట్టే. ఎంత పరిగెత్తినా ఉన్నచోటే ఉన్నట్టుందని ఒక ఆటగాడు అన్నమాట బృందాన్ని బాధపెట్టింది, ఆ ఏర్పాటును వెంటనే తీసేశారు. అది బలహీన ఆటగాళ్ళకు కూడా ఏ మేలూ చేయలేదు. దానికి కారణం అప్పటికి మాకు తెలియదు.

మూడోది నా సలహా. కాల్పులు సాగే సమయం కంటే వర్క్‌షాప్‌లో గడిపే సమయం ఎక్కువగా ఉందని గమనించి, గేమ్ లయ తెగిపోవడమే అసలు జబ్బని నిర్ధారించాను. నా మనసులో రెండు పాత ఉదాహరణలున్నాయి. 1988లో కంపైల్ సంస్థ తెచ్చిన ది గార్డియన్ లెజెండ్‌లో నడిచి వెతికే భాగమూ, ఎగిరి కాల్చే భాగమూ వేర్వేరుగా ఉన్నా రెండూ ఒకదానికొకటి ఊపిరి పోస్తాయి. 2005లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ మీద వచ్చిన సిగ్మా స్టార్ సాగాలో ఆర్‌పీజీ తరహాలో నేల మీద నడుస్తున్న పాత్రను యాదృచ్ఛికంగా షూటర్ పోరాటంలోకి లాగేస్తారు, చేతికొచ్చే నౌకను ఎంచుకునే అధికారం కూడా ఆటగాడికి ఉండదు. ఆలోచన ఎంత సాహసోపేతమైనా ఆ లాగడం వల్ల లయ దెబ్బతింటుంది. మా గేమ్‌కు ఉన్నదీ అదే జబ్బని భావించి, లెవెల్ మధ్యలో తెరుచుకునే చిన్న వర్క్‌షాపులన్నిటినీ తీసేయించి లెవెల్ చివర మాత్రమే ఉంచమన్నాను. తొలి మూడు లెవెల్స్ నిజంగానే మెరుగయ్యాయి. నాలుగో లెవెల్‌లో ఆపేసేవాళ్ళు మాత్రం ఆపేస్తూనే ఉన్నారు. రెండు జానర్ల మధ్య ఉన్న గడపను నేను సరిచేశాను, జబ్బు గడప దగ్గర లేదు.

పాత లెవెల్స్‌ను మళ్ళీ ఆడి తుక్కు పోగుచేసుకునే వీలు కల్పించడం నాలుగో ప్రయత్నం. దాని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ఓడిపోతున్న వాళ్ళు అయిష్టంగా దాన్ని వాడారు, ఆ తర్వాత గేమ్‌నే వదిలేశారు.

రెండు రికార్డింగులు

దారి కనిపించింది ఒక సాధారణమైన పని వల్ల. నాలుగో లెవెల్‌లోని ఒకే ఒక్క శత్రువును తీసుకుని, ఇద్దరు ఆటగాళ్ళ రికార్డింగులను పక్కపక్కన పెట్టి అదే చోటును పదేపదే చూశాను.

మొదటి రికార్డింగులో ఆటగాడి చేయి అద్భుతంగా ఉంది. అతని దగ్గర సెకనుకు 10 డ్యామేజ్ ఇచ్చే తొలినాటి తుపాకీయే ఉంది. శత్రువు తెర మీద ఉండేది 8 సెకన్లు. కాగితం మీద 60 హెల్త్‌ను తీసేయడానికి 6 సెకన్లు చాలు. కానీ శత్రువు మూడో సెకను నుంచి బుల్లెట్ల వల విప్పుతుంది; దాన్ని తప్పించుకోవడానికి ఆటగాడు పైకీ కిందికీ జరగాలి; జరిగిన ప్రతిసారీ అతని తుపాకీ శత్రువుకు ఎదురుగా ఉండదు. సగటున సగం సమయమే గురి కుదిరింది. అంటే 8 సెకన్లలో పడింది 40 డ్యామేజ్ మాత్రమే. ఒక్క బుల్లెట్ కూడా తగలకుండా, చూడముచ్చటగా తప్పించుకుంటూ పోయిన ఆ ఆటగాడి కళ్ళముందే శత్రువు ఎడమ అంచు దాటి వెళ్ళిపోయింది. తుక్కు ఒక్క ముక్క కూడా రాలలేదు. తుక్కు లేదు కనుక కొత్త తుపాకీ లేదు, కొత్త తుపాకీ లేదు కనుక తర్వాతి శత్రువూ వెళ్ళిపోతుంది. శత్రువు బలాన్ని తుపాకీతో తూచిన రెండో ప్రయత్నం ఇతనికి ఎందుకు పనికిరాలేదో ఇప్పుడు అర్థమైంది: అది తుపాకీని కొలిచింది, తప్పుకోవడానికి ఖర్చయ్యే కాలాన్ని కొలవలేదు.

రెండో రికార్డింగులోని ఆటగాడు రెండో లెవెల్ తర్వాత ఒక షీల్డ్ కొన్నాడు. దాని బలం 30. దెబ్బ తిన్నా సెకనుకు 4 చొప్పున దానంతటదే తిరిగి నిండుతుంది. ఒక్కో శత్రు బుల్లెట్ డ్యామేజ్ 3. కదలకుండా నిలబడితే ఆ లెవెల్‌లో సెకనుకు సుమారు ఒక బుల్లెట్ తగులుతుంది. 3 పోయి 4 వస్తుంటే చావు లేదు. కదలాల్సిన అవసరం లేకపోవడంతో అతని తుపాకీ ఎప్పుడూ శత్రువుకు ఎదురుగానే ఉంది, తుక్కు పుష్కలంగా రావడంతో అది సెకనుకు 24 డ్యామేజ్ ఇచ్చే తుపాకీ కూడా. 60 హెల్త్ రెండున్నర సెకన్లలో అయిపోయింది. మూడో సెకనులో విప్పుకోవాల్సిన బుల్లెట్ల వల విప్పుకోనేలేదు. వారాల తరబడి ఎంతో శ్రద్ధతో కూర్చిన ఆ వలను అతను ఒక్కసారి కూడా చూడలేదు, అందుకే చేయడానికి ఏమీ లేదన్నాడు. అతను చెప్పింది అక్షరాలా నిజం.

నౌక పెద్దదైతే తప్పించుకోవడం కష్టమవుతుందన్న ఆ గొప్ప ఆలోచన ఏమైంది? తప్పించుకోవడమే అనవసరమైనప్పుడు నౌక ఎంత పెద్దదైనా మూల్యం లేదు. షీల్డ్ కొన్నవాళ్ళు గళ్ళ పలకను భాగాలతో నింపేసి, తెరలో నాలుగో వంతు ఆక్రమించే నౌకతో నిశ్చింతగా సాగిపోయారు. ఒక్క అప్‌గ్రేడ్ గేమ్ హృదయాన్ని ఆపేసింది.

కాలం ఎవరి చేతిలో ఉంది

బలహీన ఆటగాడి పతనం కొత్త జబ్బు కాదు. 1985 నాటి కొనామీ గేమ్ గ్రేడియస్‌లో ఒక్కసారి చనిపోతే కూడబెట్టిన పవర్‌అప్‌లన్నీ (నౌక బలాన్ని పెంచేవి) పోతాయి, అదే కష్టమైన చోట ఒట్టి నౌకతో మళ్ళీ మొదలుపెట్టాలి. లేమి లేమిని పెంచే ఈ సుడిగుండం షూటర్ అభిమానులకు బాగా తెలుసు. అయితే మా గేమ్‌లో సుడిగుండం చావుతో కాదు, చావకుండా బాగా ఆడుతున్నప్పుడే మొదలవుతోంది. దానికి మూలం కాలం.

షూటర్‌లో కాలం ఎప్పుడూ గేమ్ చేతిలోనే ఉంటుంది. 1978లో టైటో కోసం తొమోహిరో నిషికాదో రూపొందించిన స్పేస్ ఇన్వేడర్స్‌లో శత్రువుల సంఖ్య తగ్గేకొద్దీ మిగిలినవి వేగం పుంజుకుంటాయి. తెర మీద గీయాల్సిన బొమ్మలు తగ్గడం వల్ల యంత్రం వేగంగా పనిచేయడమే దానికి అసలు కారణం, ఆ వేగమే ఆటకు ప్రాణమైంది. ఆటగాడు కోరితే ఆగే కాలం కాదది. ఆర్‌పీజీలో కాలం ఆటగాడి చేతిలో ఉంటుంది: బలం చాలకపోతే వెనక్కి వెళ్ళి పెంచుకుని మళ్ళీ రావచ్చు. మా గేమ్ ఎదుగుదలను ఆర్‌పీజీ నుంచి తెచ్చుకుంది, ఆ ఎదుగుదలకు కావాల్సిన తీరికను మాత్రం తెచ్చుకోలేదు. 8 సెకన్లలో కూల్చలేకపోతే ప్రతిఫలం సున్నా.

ఇది గుర్తించగానే తట్టిన పరిష్కారం కాలాన్ని ఆటగాడి చేతికివ్వడమే. స్క్రోల్‌ను కొంతసేపు ఆపగలిగే బ్రేక్ మీటతో ఒక ప్రోటోటైప్ (పరీక్షా నమూనా) చేయించాం. రెండు రోజుల్లో దాన్ని పక్కన పెట్టాం. బుల్లెట్ల వలలన్నీ కదిలే తెర కోసం కూర్చినవి. తెర ఆగితే వలలో ఖాళీలు పెద్దవైపోతాయి, ఆటగాళ్ళు ఆ ఖాళీలో కూర్చుని మీట వదలకుండా కాల్చడం మొదలుపెట్టారు. ఎదుగుదలను కాపాడబోయి షూటర్‌ను చంపుతున్నాం. షీల్డ్ చేసిన తప్పునే మరో వైపు నుంచి మేమే చేస్తున్నామని అప్పుడు అర్థమైంది. అక్కడి నుంచి ప్రశ్న మారింది. ఏ జానర్‌కు ఎంత పాలు అన్నది వదిలేసి, ఒక జానర్‌లో కొన్న వస్తువు మరొక జానర్‌లో చేయాల్సిన పనిని రద్దు చేస్తోందా అని ప్రతి నియమాన్నీ అడగడం మొదలుపెట్టాం.

పనిచేసినవి

మొదటి మార్పు శత్రువుల నిర్మాణంలో. ఆటగాడి నౌక భాగాలతో తయారైనప్పుడు శత్రువు మాత్రం ఒకే ముద్దగా ఎందుకుండాలి? 60 హెల్త్ గల శత్రువును 15 చొప్పున నాలుగు భాగాలు చేశాం, ఏ భాగం ఊడితే దాని వంతు తుక్కు అప్పుడే రాలుతుంది. 40 డ్యామేజ్ మాత్రమే చేయగలిగిన మన మొదటి ఆటగాడికి ఇప్పుడు రెండు భాగాలు, అంటే సగం తుక్కు ఖాయం. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి జరిగింది. శత్రువు తుపాకీ ఉన్న భాగాన్ని ముందుగా ఊడగొడితే బుల్లెట్ల వల పలచబడుతుంది, వల పలచబడితే గురి కుదిరే సమయం పెరుగుతుంది, మూడో భాగం కూడా దక్కుతుంది. తక్కువ బలమున్న వాళ్ళకు ఎక్కడ కొట్టాలనే ఆలోచన ఒక ఆయుధమైంది. మొదట ఇది కేవలం ప్రతిఫలాన్ని ముక్కలు చేసే చిన్న సవరణ అనుకున్నాం. ఆడి చూశాక గేమ్ స్వభావానికి ఇదే సహజమనిపించింది.

రెండోది షీల్డ్. దాన్ని తీసేయాలని బృందంలో ఒకరు గట్టిగా వాదించారు. నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే ఆర్‌పీజీ ఇష్టపడి వచ్చినవాళ్ళు షీల్డ్‌ను కొన్నప్పుడు పొందిన సంతోషం నిజమైనది. తప్పు షీల్డ్‌లో లేదు, అది ఊరికే నిండడంలో ఉంది. అందుకని కాలంతో నిండే పద్ధతిని తీసేసి, శత్రు బుల్లెట్ నౌకను తాకకుండా అతి దగ్గరగా రాసుకుపోయినప్పుడు మాత్రమే నిండేలా మార్చాం. షూటర్ అభిమానులు గ్రేజ్ అని పిలిచే ఈ పద్ధతి కొత్తది కాదు. 2000లో వచ్చిన ఆర్కేడ్ షూటర్ సైవేరియర్‌లో బుల్లెట్లను రాసుకుపోవడం ద్వారానే నౌక లెవెల్ పెరుగుతుంది. ఇప్పుడు షీల్డ్ కొన్నవాళ్ళు బుల్లెట్ల వలలోకి వెళ్ళక తప్పదు. కొన్న వస్తువు చేయాల్సిన పనిని మాన్పించకుండా, ఆ పనికే పిలుస్తోంది.

దీన్ని కుదర్చడానికి చాలా శ్రమపడాల్సి వచ్చింది. హిట్‌బాక్స్ చుట్టూ గ్రేజ్‌గా లెక్కించే పట్టీని మొదట 4 పిక్సెల్స్ వెడల్పుతో పెట్టాం. సెకనుకు 60 ఫ్రేములతో (తెర మీద వరుసగా మారే బొమ్మలతో) నడిచే గేమ్‌లో ఒక ఫ్రేముకు 6 పిక్సెల్స్ కదిలే బుల్లెట్ ఆ పట్టీని ఒక్క ఫ్రేములో కూడా నమోదు కాకుండా దాటేయగలదు, కాబట్టి సరిగ్గా చేసినా షీల్డ్ నిండని సందర్భాలు వచ్చాయి. 12 పిక్సెల్స్‌కు పెంచాక కనీసం రెండు ఫ్రేములు దొరికాయి. నౌకతో సమాంతరంగా ప్రయాణించే బుల్లెట్ పక్కనే ఉండి ఫ్రేముకొకసారి షీల్డ్ నింపుకునే దొంగదారి కూడా బయటపడింది, అందుకని ఒక బుల్లెట్‌కు ఒక్కసారే లెక్క అని నియమం పెట్టాం. గ్రేజ్ జరిగిందని కంటితో చూసి తెలుసుకునే తీరిక ఆటగాడికి ఉండదు కనుక చిన్న శబ్దాన్ని జోడించాం.

ఊహించనిది ఒకటి జరిగింది. పెద్ద నౌక చుట్టుకొలత పెద్దది కనుక దాని పట్టీ కూడా పెద్దది, ఎక్కువ బుల్లెట్లు రాసుకుంటాయి, షీల్డ్ త్వరగా నిండుతుంది. దీన్ని మొదట లోపమని నమోదు చేశాం. వారం రోజులు ఆడాక ఉంచేయాలని నిర్ణయించాం. పెద్ద నౌకకు దెబ్బలు ఎక్కువ తగులుతాయి, షీల్డ్ కూడా ఎక్కువ నిండుతుంది. చిన్న నౌకకు రెండూ తక్కువ. గళ్ళ పలకపై ఒక్క ఇంజన్‌ను అటో ఇటో జరపడం కూడా మళ్ళీ నిర్ణయమైంది, మొదట నన్ను ఆకట్టుకున్న ఆ ఆలోచన తిరిగి ప్రాణం పోసుకుంది.

మూడో మార్పు తుపాకుల్లో. 10 నుంచి 24కు పెరిగే డ్యామేజ్‌ను 10 నుంచి 14కు కుదించి, మిగిలిన ఎదుగుదలను కాల్పుల ఆకారంలోకి మళ్ళించాం: వెడల్పుగా విచ్చుకునేవి, వెనక్కి కాల్చేవి, ఏటవాలుగా పోయేవి. ఐరెమ్ 1987లో తెచ్చిన ఆర్-టైప్‌లోని ఫోర్స్ అనే గోళం ఇందులో మాకు మార్గదర్శి. దాన్ని నౌక ముందుకైనా వెనక్కైనా తగిలించవచ్చు, విడదీసి దూరంగా పంపవచ్చు. అది కేవలం బలాన్ని పెంచి ఊరుకోదు, తెర మీద ఎక్కడ ఉండాలన్న ఆలోచననే మార్చేస్తుంది.

పాఠాలు

ఈ కేసు తర్వాత నా పనిలో వచ్చిన మార్పు ఇది. మిశ్రమ జానర్ గేమ్ ఏది వచ్చినా, ప్రతి అప్‌గ్రేడ్ ఎదురుగా అది ఏమిస్తుందో కాక, ఏ పనిని అనవసరం చేస్తుందో ఒక వాక్యం రాసుకుని రమ్మని బృందాన్ని అడుగుతున్నాను. షీల్డ్ గురించి ఆ వాక్యం మొదట్లోనే రాసి ఉంటే, తప్పించుకోవడం అనవసరమవుతుందని బృందానికి అప్పుడే తెలిసేది. విరుద్ధమైన ఫిర్యాదులు వచ్చినప్పుడు వాటి సగటు తీసి కష్టాన్ని సర్దబోవడం మానేశాను. ఎవరు ఏ ఫిర్యాదు చేశారో, వాళ్ళు ఏ జానర్ నుంచి వచ్చారో ముందు చూస్తున్నాను.

మిగిలిపోయిన లోపాలు రెండున్నాయి. చేతులు వేగంగా కదపలేని కొందరికి పాత షీల్డే ఈ గేమ్‌లోకి ద్వారం, మా మార్పు ఆ ద్వారాన్ని మూసేసింది. బృందం వాళ్ళకోసం బుల్లెట్ల వేగాన్ని తగ్గించే సెట్టింగునూ, పాత షీల్డ్‌ను తిరిగి ఇచ్చే సెట్టింగునూ చేర్చింది. వాటిని ఎంచుకున్నందుకు ముగింపునుగానీ తుక్కునుగానీ కోత పెట్టకూడదని నేను పట్టుబట్టాను, బృందం అంగీకరించింది. రెండోది నక్షత్రపటం. అది ఇప్పటికీ ఈ గేమ్‌కు అతికించినట్టే ఉంది: దారి ఎంచుకున్నప్పుడు దక్కే బహుమతి కనిపిస్తుంది తప్ప, ఆ దారిలో ఎదురయ్యే బుల్లెట్ల వల ఎలాంటిదో తెలియదు, కాబట్టి నౌక ఆకారాన్ని బట్టి దారి ఎంచుకునే అవకాశం లేదు. ఒక్కో దారి పక్కన ఆ వల రేఖాచిత్రాన్ని చూపే ప్రోటోటైప్‌ను బృందం ప్రస్తుతం పరీక్షిస్తోంది.